నా మొకానికా!

నెత్తళ్ళు ఎండుతున్నాయి. బారువ తీరంలో ఇసుక మీద, ఎండలో, ఈగల్లో... వెండి పొట్టు రాలినట్టు.

గాలి లేదు.

ఎర్రమ్మ చేపలు తిరగేస్తోంది. తమ్ముడు భాను వచ్చి పక్కన కూర్చున్నాడు.

వాడిదొకటే మాట ఎప్పుడూ. కొత్త చొక్కా కొంటే — "నా మొకానికా అప్పా?" సంబంధం వస్తే — "నా మొకానికి పిల్ల కూడానా!" కూరలో మంచి ముక్క పడితే పక్కవాడి కంచంలోకి తోసేసేవాడు.

చిన్నప్పుడు పడవెక్కితే వాంతులు. "నీ మొకానికి సముద్రమేట్రా!" అన్నాడు అయ్య, అందరి ముందూ.

అయ్య పోయాడు. మాట పోలేదు.

ఎవరూ అనకముందే తనే అనేసుకునేవాడు. ఊరు నవ్వింది. ఎర్రమ్మా నవ్వింది.

ఈమధ్య ఆ మాట వినపడడం లేదు.

వల పక్కింటి ధనుంజయ్‌కి ఇచ్చేశాడు. ఫోను మేనకోడలికి ఇచ్చేశాడు. ఇవాళ గడ్డం గీసుకున్నాడు, తలకి నూనె రాసుకున్నాడు. మొహం నున్నగా, ప్రశాంతంగా...

తిత్లీ తుఫానుకి ముందు కూడా గాలి ఇలాగే ఆగిపోయింది.

"నువ్వు నాకు సానా సేసినావప్పా."

సేసినావు. లెక్క తేల్చి వెళ్ళిపోయేవాడి మాట.

ఎర్రమ్మ చేపలు తిరగేయడం ఆపింది. అడగాలంటే భయం. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో... అడగకపోతే?

"ఇటు సూడు. సచ్చిపోదామనుకుంటన్నావేట్రా?"

అల వచ్చింది. అల వెళ్ళింది.

"నానుంటే ఎవులికేటప్పా లాబం..."

ఆమె తిట్టలేదు. ఏడవలేదు. తప్పురా అనలేదు.

"లాబం నాకొద్దురా. నాకు నువ్వు కావాల."

వాడు నమ్మలేదు. కళ్ళలో తెలిసిపోయింది. ఇన్నేళ్ళుగా లోపల నానిన మాట — ఒక్క మాటకి కొట్టుకుపోతుందా!

"లే. పలాసలో డాక్టరుగారున్నారు. ఎల్దాం."

"నా మొకాని..." అని ఆగాడు.

"నీకేరా. నీకే. లే."

చేపల్ని అలాగే వదిలేసింది. కాకులు దిగాయి. దిగనీ!

ఆటోలో వాడి మణికట్టు పట్టుకు కూర్చుంది. వాడు విడిపించుకోలేదు. తిరిగి పట్టుకోనూ లేదు. బయటికి చూస్తున్నాడు — జీడితోటల్ని చూస్తున్నాడో, వాటికి అవతల ఇంకెటో...

వేళ్ళ కింద నాడి కొట్టుకుంటోంది. ఆగినట్టై, మళ్ళీ కొట్టుకుంటోంది.

ఆమె పట్టు బిగించింది.

ఆటో మందస దాటింది.

పలాస ఇంకా రాలేదు.