ఎక్కవచ్చని రాయలేదు

టెయోడోర్ క్లైన్‌బ్రింక్ ఇరవై రెండేళ్ళు రైల్వేలో సిగ్నల్ మీటలు లాగాడు. 1923 జనవరిలో ఫ్రెంచి సైన్యం జర్మనీ బొగ్గుగనుల సీమ రూర్‌లోకి వచ్చిపడి, యుద్ధ నష్టపరిహారం కింద బొగ్గు పట్టుకుపోతుంటే, పని మానేయమని బెర్లిన్ ప్రభుత్వం చెప్పింది. మానేశాడు. ఫ్రెంచివాళ్ళు తమ మనుషులతో రైళ్ళు నడుపుకోవడం మొదలుపెట్టాక, ఉద్యోగులూ వాళ్ళ ఇంటివాళ్ళూ వాటిని ఎక్కకూడదని రైల్వే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఎక్కలేదు. అక్కడితో ఆగితే బాగుండేది. ఊళ్ళో ఎవరెవరు ఎక్కారో చూసి, హ్యోవెల్ బీరు దుకాణంలో నల్లబల్ల మీద ద్రోహులని వాళ్ళ పేర్లు రాసే పని కూడా తనే నెత్తిన వేసుకున్నాడు. దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని నలుగురూ మెచ్చుకునేసరికి ఆ పని ఇంకా ఇష్టంగా చేశాడు.

సెప్టెంబరులో అతని ఆరేళ్ళ కూతురు టిల్లా గొంతులో తెల్లటి పొర కట్టింది. తెల్లవారి ఎనిమిదింటికి డాక్టరు వచ్చి చూశాడు.

"డిఫ్తీరియా. నా దగ్గర మందు లేదు. పట్నం ఆసుపత్రిలో సూదిమందు ఉంది. ఆలస్యం చెయ్యకండి, తొమ్మిదింటికి రైలు..." అని, ఆ రైలు ఎవరిదో గుర్తొచ్చి సంచీ సర్దుకున్నాడు.

టెయోడోర్ భార్య సెల్మా పిల్లను దుప్పట్లో చుట్టి "పద" అంది.

"చేతిబండి తీస్తాను" అన్నాడు టెయోడోర్.

"బండెందుకు? రైలుందిగా."

అతను సొరుగులోంచి ఆఫీసు కాగితం తీసి, చదవడం మొదలుపెట్టాడు. సెల్మాకు ఒళ్ళు మండింది.

"జబ్బుపడ్డ పిల్లల్ని ఎక్కించకూడదని రాశారా అందులో?"

"ఎక్కించవచ్చని రాయలేదు."

"రాసినవాడికి పిల్లల్లేరేమో. నీకుంది కదయ్యా."

"రొట్టెల కొట్టు ముసలావిడ చెల్లెలి చావుకని ఎక్కితే ఆవిడ పేరు కూడా రాశాను, సెల్మా. ఇప్పుడు నేను ఏ ముఖం పెట్టుకుని ఎక్కను?"

"నువ్వెక్కకు. నేనెక్కుతా. నా పేరూ రాసుకో, అందంగా రాసుకో."

ఆమె గుమ్మం దాటబోతే అతను అడ్డంగా నిలబడ్డాడు. ఈ ఇంట్లోంచి ఎవరూ ఆ రైలు ఎక్కరన్నాడు. మంచివాడే, కూతురంటే ప్రాణం పెట్టేవాడే. అయినా ఆ గుమ్మంలో అలా నిలబడ్డాడు, అది మాత్రం ఏ మంచితనంతోనూ చెరిగిపోదు. పిల్ల ఊపిరి ఈలలా వినిపిస్తుంటే, వాదించే వ్యవధి లేక సెల్మా బండి పక్కన నడిచింది. ఊళ్ళో గుర్రాలన్నిటినీ సైన్యం ఎప్పుడో తోలుకుపోయింది. పట్నం పద్నాలుగు కిలోమీటర్లు.

స్టేషను పక్కన వంతెన దగ్గర ఫ్రెంచి సైనికుడొకడు బండి ఆపాడు. మీసాలైనా సరిగ్గా రాని కుర్రాడు. దుప్పటి తొలగించి చూసి, స్టేషను వైపు చెయ్యి చూపించాడు. భాష రాక, నోటితో రైలు కూత పెట్టి, పదిహేను నిమిషాలని వేళ్ళతో చెప్పాడు. ఫ్రెంచివాడు పలకరిస్తే గాలి వీచినట్టు ఊరుకోవడం ఆ ఏడాది జర్మన్ల ఆచారం. టెయోడోర్ కుర్రాడి భుజం మీదుగా నది వైపు చూశాడు.

"అతను చెప్పేది నీకు అర్థమవడంలేదా?" అంది సెల్మా.

టెయోడోర్ బండి లాగాడు.

పట్నం పొగగొట్టాలు కనబడుతుండగా ఈల ఆగిపోయింది. సెల్మా ఆగమంది. ఆసుపత్రి దగ్గరికొచ్చేసిందని చెబుతూ అతను ఇంకా కొంతదూరం లాగాడు. అంటుజబ్బు గనక పిల్లను ఊరికి తీసుకెళ్ళనివ్వలేదు, పట్నంలోనే పూడ్చారు.

బీరు దుకాణం హ్యోవెల్ వాళ్ళింటికొచ్చి టెయోడోర్ చెయ్యి పట్టుకున్నాడు. "ఆ ఫ్రెంచి కుక్కలే చంపేశాయి అన్నా. నువ్వు మాత్రం మాట తప్పలేదు. అసలు సిసలు జర్మనువి."

టెయోడోర్ ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. రాత్రింబగళ్ళు దాన్నే తిప్పి తిప్పి చెప్పుకున్నాడు. సెల్మా వింటూ వింటూ ఒకసారి అంది:

"ఎవరి మీదైనా పగ పెట్టుకో, నాకేం. ఆ వంతెన కుర్రాడి మీద మాత్రం వద్దు. మన పిల్లకి దారి చూపించింది అతనొక్కడే."

పూడ్చిన వారానికి, ఇక ప్రతిఘటన ఆపుతున్నామని బెర్లిన్ ప్రభుత్వం ప్రకటించింది. రైల్వే ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. కింద అదే సంతకం. పరిస్థితుల దృష్ట్యా వెనకటి ఉత్తర్వు రద్దు. టెయోడోర్ ఇంకేమన్నా రాశారేమోనని కాగితం వెనక్కి తిప్పాడు. ఖాళీగా ఉంది. ఆ మధ్యాహ్నమే హ్యోవెల్ పట్నానికి రైలెక్కాడు, బీరు పీపాల కోసం. టెయోడోర్‌కు కోపం కూడా రాలేదు. కోప్పడ్డానికి తన దగ్గర ఏం మిగిలింది గనక?

మర్నాడు సెల్మా నల్లబట్టలు వేసుకుని సమాధికి బయల్దేరింది. అతను వెంట నడిచాడు. ఆమె రమ్మననూ లేదు, వద్దననూ లేదు. ఫ్రెంచి రైల్లో ఎదురెదురుగా కూర్చున్నారు.

"సెల్మా..." అన్నాడు.

"ఏం చెప్పకు."

తాను బండి లాగిన రోడ్డు కనబడుతుందేమోనని అతను కిటికీలోంచి చూస్తున్నాడు. అది కనిపించేలోగానే జనం లేచి బుట్టలు దించుకోవడం మొదలుపెట్టారు.

"అప్పుడే వచ్చేసిందా?" అన్నాడు.

సెల్మా లేచి నిలబడి, పిల్ల పోయాక మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది.

"ఇరవై రెండేళ్ళు ఈ దారిన రైళ్ళు పంపింది నువ్వేగా. ఎంతసేపు పడుతుందో నీకు తెలియదూ?"

తెలుసు. పంతొమ్మిది నిమిషాలు. గుమ్మంలో అడ్డంగా నిలబడ్డప్పుడూ తెలుసు.