పాత బియ్యం గది

"ఆ కిటికీ మూసినవా లేదా?"

సుకన్య వంటింట్లోంచి అడగడం ఇది మూడోసారి. మూయలేదని ఆమెకు తెలుసు. నడిమింట్లోంచి చల్లగాలి వచ్చి స్టవ్ మంటను పక్కకు వంచుతోంది.

"జరసేపు ఉండనియ్యి. ఊపిరాడ్తలేదు," అన్నాడు మంచం మీద కూర్చున్న వెంకటనర్సయ్య.

"రాత్రంతా ముసురు. బస్తాలకు చెమ్మ తగుల్తది."

"బస్తాలకు ముక్కులున్నయా? నాకున్నయి."

"నీ ముక్కు వరండాల గూడ పనిచేస్తది. పో, ఆడ కూసో."

ఆయన కదల్లేదు. ఆమే చేతులు తుడుచుకుంటూ వచ్చి రెక్కలు దగ్గరకు లాగి గడియ పెట్టింది. అప్పుడు లేచాడు. టవల్ భుజాన వేసుకుని, గోడ పట్టుకుని, గడప దగ్గర ఒకసారి ఆగి బయటకు నడిచాడు. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసీ మోసీ మెడ వెనక కాయ కాసిన మనిషి. ఊక దుమ్ము ఛాతీలో చేరి ఇప్పుడు నాలుగు అడుగులకే రొప్పుతాడు.

"అమ్మ మ్యూచువల్ ఫండ్‌కు పురుగు పడ్తదని భయం నాయినా," అంది ప్రత్యూష జడ అల్లుకుంటూ. మెడికల్ షాపు కౌంటర్లో పనిచేస్తుంది. నెలనెలా జీతంలో కొంత ఫోన్లోంచే ఫండ్‌లోకి పోతుంది.

"నవ్వు. నీ డిగ్రీ ఫీజు ఏ ఫండ్ కట్టింది?" అంది సుకన్య.

అది అబద్ధం కాదు, ఆ ఫీజు కట్టింది ఈ బియ్యం బస్తాలే. భర్త మోసిన మిల్లులోనే ఆమె ఇప్పటికీ నూకలు జల్లెడ పడుతుంది, కళ్లం ఊడుస్తుంది. కొత్త బియ్యం ముద్దవుతుందనీ, ఏడాది ఆగిన బియ్యం పువ్వులా విడుతుందనీ, హోటళ్లవాళ్లు దానికి ఎక్కువ పెడతారనీ అక్కడే చూసింది. చెవి కమ్మలు కుదువ పెట్టి మొదట రెండు బస్తాల సన్న బియ్యం కొన్నది. ఏడాది దాచి అమ్మి, ఆ డబ్బుతో మూడు కొన్నది. కమ్మలు విడిపించుకునే ఆలోచన మళ్లీ రాలేదు. అలా పెరిగి పెరిగి ఆ బస్తాలు ఇప్పుడు నడిమింటిని సగం మింగేశాయి. గోడకు ఆననివ్వకుండా చెక్కల మీద పేర్చి, మధ్య మధ్య ఎండిన వేపాకు వేసింది. రోజూ పడుకునే ముందు బస్తాల సందుల్లో చెయ్యి పెట్టి, వేడెక్కాయేమో చూస్తుంది.

ఇంట్లో వండేది మాత్రం మొన్నమొన్నటిదాకా నూకలు, ఇప్పుడు రేషన్ బియ్యం. దవాఖానలో డాక్టరు, ఆయనకు తేలిగ్గా అరిగే పాత బియ్యం పెట్టమన్నప్పుడు పక్కింట్లో అడిగి తెచ్చింది గానీ బస్తా కుట్టు విప్పలేదు. మూతి విప్పిన బస్తాను ఎవరు కొంటారు?

ఇప్పుడు అమ్మాల్సిన రోజు వచ్చింది. వాళ్లు కిరాయికి ఉంటున్న రెండు గదుల ఇల్లు అమ్మకానికి పెట్టాడు మల్లికార్జున్ సేటు. "ఆదివారం లోపల బయానా ఇస్తే నీకే సుకన్యా. లేకుంటే కోదాడోళ్లు తయారుగున్నరు," అన్నాడు. బయానా కట్టి, మిగతాది నెలనెలా తీర్చుకునేలా ఒప్పించింది కూడా.

కుట్టు విప్పకుండా బస్తాలకు సన్న గొట్టం గుచ్చి తీసిన నమూనా రెండు కవర్లలో పోసుకుని బస్సెక్కింది. ఆధార్ కార్డు చూసి కండక్టరు ఇచ్చిన ఉచిత టికెట్‌ను కొంగున ముడి వేసుకుంది. సాగర్ కాలువ పక్కన పొలాలు నాట్లు పడి పచ్చగా ఉన్నాయి. ఈ వడ్లు బియ్యమయ్యేసరికి తాము సొంతింట్లో ఉంటామని లెక్క వేసుకుంది. కిటికీకి కొత్త రెక్కలు పెట్టించాలి, దోమల జాలీ కూడా.

కోదాడలో హైవే మీది హోటల్ మేనేజరు కవరు విప్పి, నాలుగు గింజలు అరచేతిలో వేసుకున్నాడు.

"మంచి బియ్యమేనమ్మా. కానీ ఇప్పుడు పాతవి ఎవరు వాడుతున్నారు? మిల్లులోనే ఆవిరి పట్టేస్తున్నారుగా. నిన్న కోసిన వడ్లయినా పొడిపొడిగానే వస్తున్నాయి. ధర కూడా తక్కువ. లారీ ఇక్కడికే వస్తుంది."

"పాతదానికి రుచి వేరే ఉంటది సార్."

"బిర్యానీలో రుచి మసాలాది కదమ్మా," అని నవ్వాడు. ఎగతాళిగా కాదు.

కిరాణా దుకాణంలో అడిగితే, రేషన్లో సన్న బియ్యం ఉచితంగా వస్తున్నప్పటి నుంచి తానే ఈగలు తోలుకుంటున్నానన్నాడు యజమాని.

ఆవిరి బాయిలరు తమ మిల్లులోనూ వచ్చింది. అది బిగించిన నాడు కొట్టిన కొబ్బరికాయ పెంకులు ఎత్తింది ఆమే. రోజూ దాని చుట్టూ ఊడుస్తుంది. ఆ పొగగొట్టానికీ తన నడిమింటికీ సంబంధం ఉందని ఎన్నడూ అనుకోలేదు.

ఇక సూర్యాపేట అహల్యమ్మే దిక్కు. బస్టాండు దగ్గర మెస్ నడిపే ఆ పెద్దావిడ ఏటా సగం బస్తాలు తీసుకునేది. పోయినేడు అడిగినప్పుడు, ఇంకో ఏడాది ఆగితే ఇంకా ఎక్కువ వస్తుందని సుకన్యే ఇవ్వలేదు. "బియ్యం పాతవడితే బంగారమైతదనుకుంటున్నవా ఏందే?" అని అహల్యమ్మ ఫోన్లో తిట్టింది. ఇప్పుడు మళ్లీ తిట్టినా సరే, కొంటే చాలు.

మెస్‌లో ఆమె కుర్చీ ఉన్నచోట గాజు కౌంటర్ ఉంది. దాని వెనక కొడుకు వంశీ. అతని నెత్తి మీద గోడకు అహల్యమ్మ ఫోటో. దండ వాడిపోయి ఉంది.

సుకన్య సంచి కింద పెట్టింది.

"ఎండకాలంల పోయిందక్కా. నిద్రలనే. నీకు కబురు చేద్దామంటే నంబరు అమ్మ ఫోన్ల ఉండె. ఆ ఫోన్ లాక్ మాకెవ్వరికీ తీయరాలె," అన్నాడు వంశీ. తర్వాత, తనే బియ్యం మాట ఎత్తాడు. "అమ్మ ఉంటే తీసుకునేది. నేనైతే స్టీమ్ రైస్ రేటు కన్నా కింద ఇస్తవా అని అడగాలె. నాకే సిగ్గైతుంది. తిని పో అక్కా."

తిన్నది. అన్నం పొడిపొడిగా ఉంది. మెతుకు మెతుకు నోట్లో విడిగా తెలుస్తోంది. పప్పు కలిపాక కూడా ముద్దవలేదు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. వంశీ చెప్పిన ధరకు లెక్క కట్టుకుంటే, కొన్న డబ్బు కూడా రాదు. బయానాలో మూడో వంతు కూడా కాదు. చెయ్యి కడుక్కుంటూ ఫోటో వైపు ఒకసారి చూసి, దండ సరిచేయాలనుకుని, కౌంటర్ అడ్డం ఉండటంతో మానుకుంది. బస్టాండులో కూర్చుని సేటుకు ఫోన్ చేసింది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. కాళ్లు కడుక్కుని, కూరగాయల కత్తి తీసుకుని నడిమింట్లోకి వెళ్లింది. కొంతసేపటికి కుక్కర్ కాకుండా గిన్నె పెట్టి, ఎసరు పోసి, పక్కనే నిలబడి వండింది.

ముగ్గురూ కూర్చున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని వెంకటనర్సయ్య ఆగాడు.

"గా బియ్యమేనా?"

"అవు."

ప్రత్యూష చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. "అమ్మా, నా ఫండ్ పైసలు తీద్దాం. బయానాకు కొంతన్న అయితది. ఫోన్లనే తీయొచ్చు."

"దాన్ని ముట్టకు. ఆగరాని కాడ ఆగి నేను ఆగం చేసిన. ఆగాల్సిన కాడ నువ్వు తొందరపడకు."

"మరి ఇల్లు?"

సుకన్య భర్త కంచంలో కూర వేసి, గరిటె గిన్నెలో పెట్టింది.

"కోదాడోళ్లకే ఇచ్చుకొమ్మని సేటుకు చెప్పిన. నెలాఖరుకు ఖాళీ చేద్దాం. ఇగ నేను బియ్యం కొనేది లేదు, అమ్మేది లేదు. ఉన్నది ఒడిసేదాక మనమే తిందాం."

వెంకటనర్సయ్య కంచం కొద్దిగా ముందుకు జరిపాడు. ఆమె మారు వడ్డించింది.

నడిమింట్లో, కత్తి పెట్టి కోసిన బస్తా మూతి కింద, రెండేళ్లు బిగుసుకుని ఉన్న పురికొస, కుట్ల వంపులు ఇంకా పోకుండా నేల మీద పడి ఉంది.