ఎర్ర ఊలు కట్టిన వైరు

మా ఆయనకు సర్దుడు జబ్బుంది. ఇల్లంతా సర్ది, ఎవరి వస్తువు వాళ్లకు దొరక్కుండా చేస్తేగానీ ఆయనకు ముద్ద దిగదు. మొన్న ఆదివారం కంప్యూటరు వైర్ల మీద పడ్డారు. ఒక వైరుకు కట్టి ఉన్న ఎర్ర ఊలు దారం చూసి మొహం చిట్లించారు.

"అన్నీ తెల్లవే, అన్నిటి కొసలూ ఒకటే, ఏ కన్నంలోనైనా దూరతాయి. దీనికొక్కదానికే ఈ బొట్టేమిటి, అసహ్యంగా!" అని ఆ దారం కత్తిరించి చెత్తబుట్టలో వేశారు.

ఆ దారం కట్టింది మా అత్తగారు. మైకుకు ఆ వైరొక్కటే పనికొస్తుంది. మిగతావి కరెంటు మోస్తాయిగానీ మాట మొయ్యవు. ఆ ముక్క కొడుక్కి చెబితే వింటేగా!

మర్నాడే అత్తగారికి కంప్యూటర్లో గొంతు పరీక్ష. పిల్లల కథలు చదివి వినిపించే కంపెనీ ఒకటి కొత్త గొంతు కోసం వెతుకుతోంది. ఆవిడ పొద్దుటినుంచీ వేణ్ణీళ్లు తాగుతూనే ఉన్నారు. "అమ్మాయ్, నా గొంతు బాగుందని ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ అనలేదు. ఇది పోతే ఇంకెక్కడా అడగనే," అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది.

ఆయన సర్దిన సొరుగులోంచి ఒక వైరు తీసి మైకు తగిలించాను. పచ్చ లైటు వెలిగింది. హమ్మయ్య అనుకున్నాం. ఆవిడ కళ్లు మూసుకుని కథ అందుకున్నారు. రాకుమారి ఏడ్చేచోట నేనూ ఏడ్చాను. ముక్కు చీదుకుని చూద్దును కదా, తెర మీద కంపెనీ ఆవిడ రెండు చేతులూ ఊపుతోంది.

"అమ్మా, పెదాలు కదులుతున్నాయిగానీ ఒక్క మాటా వినబళ్లేదు. అయిదు నిమిషాలు చూస్తాను, తర్వాత వేరేవాళ్లున్నారు," అంది.

అత్తగారి మొహం పాలిపోయింది. నేను సొరుగు బోర్లించాను. ఏ వైరు పెట్టినా లైటు వెలుగుతుంది, మాట మాత్రం పోదు.

"ఏవండీ, ఆ ఎర్ర దారం వైరేదీ?"

"అన్నీ ఒకటేనే!" అని స్నానాలగదిలోంచి జవాబు, వెనకే బుర్రుమని ట్రిమ్మరు చప్పుడు.

పరుగెత్తాను. ట్రిమ్మరుకే తగిలించి ఉంది మహాతల్లి! కొస దగ్గర ఎర్ర పీచు కాస్త ఇంకా అంటుకునే ఉంది. ఒక్క లాగు లాగాను. ఆయన మీసం సగంలో ఆగిపోయింది.

మైకుకు గుచ్చానో లేదో, ఆ సగం మీసంతోనే గుమ్మంలోకొచ్చి, "నా వైరెందుకు లాగావే?" అన్నారు.

అత్తగారు ఇంతెత్తున లేచారు. "ఒరేయ్ సర్దుడు సన్నాసీ! నా నోరు కట్టేసి నువ్వు మీసాలు దిద్దుకుంటున్నావా? నమిలి మింగేస్తాను వెధవా!"

గది దద్దరిల్లింది. ఇంకేముంది, అంతా అయిపోయిందనుకున్నాను.

తెర మీదావిడ కుర్చీలోంచి ముందుకు వంగింది. "అమ్మా, వినబడింది! మా కథల్లో రాక్షసికి గొంతు దొరక్క చచ్చిపోతున్నాం. ఆ చివరి మాట ఇంకోసారి అనండి."

అత్తగారు నావైపు చూశారు. కళ్లనిండా నీళ్లు, నోటినిండా నవ్వు. గొంతు సవరించుకుని, కొడుకును ఎదురుగా నిలబెట్టుకుని మళ్లీ అందుకున్నారు.

అంతా అయ్యాక, "మరి నా మీసం?" అన్నారాయన, నీరసంగా.

సొరుగులోంచి చేతికందిన వైరొకటి తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఏదైతేనేం, అన్నీ ఒకటేగా!"