నిచ్చెన మీది 'జాగర్త'

ఆ పెద్ద షాపులో నా చేతిరాత నాకే ఎదురొచ్చింది. వరసగా నిలబెట్టిన అల్యూమినియం మడత నిచ్చెనలు, ప్రతిదాని పై మెట్టు మీదా ఎర్రగా 'జాగర్త'. అదే వంకర గ. త ఒత్తు కింద అదే పొడుగు తోక. నేను జన్మలో చూడని నిచ్చెనల మీద నా రాత ఎలా వచ్చింది?

ఇది అర్థం కావాలంటే మా కొట్టు సంగతి చెప్పాలి. మా ఆయన వడ్రంగి. ఆయన చేసేవి చెక్క మడత నిచ్చెనలు, అంతే. గోడలకు రంగులు వేసేవాళ్లు, కరెంటు పనివాళ్లు కొనుక్కుపోతారు. ఆయన చివరి మేకు కొట్టి పక్కకు జరిపితే నా పని మొదలవుతుంది. నాకు ముందునుంచీ భయం ఎక్కువ. ఫోను మోగితే ఎవరికేమైందోనని, మోగకపోతే మరీ ఏమైందోనని. అలాంటిదాన్ని తీసుకొచ్చి నిచ్చెనలు చేసే ఇంట్లో పడేశారు మా వాళ్లు. వాటిని ఎవరి మొగుడు ఎక్కుతాడో, ఎవరి కొడుకు ఎక్కుతాడో! అందుకని చెప్పులు విప్పి ప్రతి నిచ్చెనా నేనే ఎక్కి, ఒక్కో మెట్టు మీదా ఒళ్లంతా బరువేసి ఊగి చూస్తాను. కిర్రుమందా, మళ్లీ ఆయన దగ్గరికే. కిక్కురుమనకపోతేనే పై మెట్టు మీద ఎర్ర రంగుతో 'జాగర్త' అని రాసేదాన్ని. కుంచెలో మిగిలిన రంగు వృథా కాకుండా ఆఖరున ఒక తోక లాగేదాన్ని.

"నువ్వు ఎక్కి దిగాక ఇక ఏనుగెక్కినా ఫరవాలేదు," అనేవారు మా ఆయన.

"ఏనుగుకు నాలుగు కాళ్లున్నాయి, ఒకటి విరిగినా మూడుంటాయి. మనిషి గతేమిటి?" అనేదాన్ని.

మా అమ్మాయి వ్యాపారం చదువు పూర్తిచేసి కొట్టు చూసుకోవడం మొదలుపెట్టింది. కొట్టు నిలబడితే తనూ ఇక్కడే నిలబడతానంది. లేకపోతే ఎక్కడో ఎవరి కిందో ఉద్యోగం వెతుక్కోవాలి. ఆ రెండోది తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు.

"బ్రాండింగ్ పెద్ద కంపెనీలకే కాదమ్మా, మనలాంటి చిన్న కొట్లకు ఇంకా ముఖ్యం. పేరూ ఊరూ లేని సరుకును ఎవరు గుర్తుపెట్టుకుంటారు?" అంది.

"నిచ్చెన గుర్తుండక్కర్లేదే, విరక్కుండా ఉంటే చాలు," అన్నాను.

నా మాట చెల్లలేదు. బ్రాండింగ్ చేసే కుర్రాడొకడు వచ్చాడు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసమే కొట్టంతా వెతికాడు. "కళ్లు నెత్తికెక్కడం అంటే విన్నాను గానీ చూడటం ఇదే," అన్నారు మా ఆయన నా చెవిలో. అతను పాత నిచ్చెనలకు ఒకటే ఫొటోలు తీశాడు, నేను రాసిన మాటకు మరీ దగ్గరనుంచి. తర్వాత నవ్వాడు.

"ఆంటీ, జాగర్త కాదు, జాగ్రత్త."

మా అమ్మాయి మొహం కందిపోయింది. "ఇన్నేళ్లుగా తప్పు రాసి ఊరంతా పంచామా? రాతలోనే తప్పుంటే సరుకులో తప్పు లేదని ఎవరు నమ్ముతారమ్మా?" అంది. బడికి నేను వెళ్లింది తక్కువే, కానీ ఆ ఒక్క మాటా సరిగ్గానే వచ్చనుకున్నాను.

కొట్టుకు 'శిఖరం' అని పేరు వచ్చింది. కొండ బొమ్మతో స్టిక్కర్లు వచ్చాయి, కింద చక్కటి అచ్చులో 'జాగ్రత్త'. నా కుంచె ఎండిపోయింది. నిచ్చెనలు మాత్రం ఎక్కడం మానలేదు. కానీ స్టిక్కర్ ముందే అంటించేస్తుంటే ఏది ఎక్కానో ఏది ఎక్కలేదో నాకే అనుమానం వచ్చి, ఒక్కోదాన్ని రెండోసారి ఎక్కేదాన్ని.

బేరాలు పలచబడ్డాయి. చివరికి మా పాత ఖాతాదారు వచ్చాడు. రంగులు వేస్తాడు, నిచ్చెన లేకుండానే సగం గోడ అందుకుంటాడు కాబట్టి అందరికీ పొడుగాయన. 'శిఖరం' నిచ్చెనను అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు.

"ఇది వద్దమ్మా. మీదివ్వండి."

"ఇది మాదే బాబాయ్," అంది మా అమ్మాయి.

"మీదైతే జాగర్త ఏదమ్మా?"

"ఇదిగో, రాసుందిగా!"

"ఇది సరిగ్గా ఉంది. మీదాంట్లో తప్పుండాలి. మేమంతా దాన్ని జాగర్త నిచ్చెన అనే అంటాం. అది కనిపించకపోయేసరికి..." అని నావైపు చూసి నీళ్లు నమిలాడు. "రాసే ఆవిడ పోయారేమో అనుకున్నామమ్మా."

నేను పోవడమేమిటి! తెలియకుండానే గుండె మీద చెయ్యి వేసుకున్నాను. లోపల్నుంచి మా ఆయన నవ్వు. "ఇంకా ఉందయ్యా, పొద్దున కూడా తిట్టింది!"

మా అమ్మాయి నవ్వలేదు. పెద్ద షాపుల్లో సరుకు ఎలా పెడతారో చూసొద్దాం, మనం ఎక్కడ తప్పుతున్నామో తెలుస్తుంది అని ఆ మధ్యాహ్నమే నన్ను తీసుకెళ్లింది. అక్కడ చూసిందే మీకు మొదట చెప్పాను.

"ఆ ఫొటోలు," అంది మా అమ్మాయి. "పాతది ఎంత నాసిగా ఉండేదో చూపించడానికన్నాడమ్మా. ఆ బ్రాండింగ్ వాడు వీళ్లకూ పనిచేస్తాడు."

షాపు కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. "చాలా బాగా పోతున్నాయి మేడమ్! చేత్తో రాసినట్టుంటే జనానికి నమ్మకం."

"ఎవరు రాశారు బాబూ?"

"మెషీన్ అమ్మా."

"మరి మెషీన్ ఎక్కి చూసిందా?"

అతను అర్థంకానట్టు చూశాడు. దొంగతనమని కోపం రావాలి కదా, నాకు రాలేదు. భయం వేసింది. ఈ మాట చూసి, ఎవరో ఎక్కి చూశారని నమ్మి, రేపు ఎవడో దీన్ని ఎక్కుతాడు. చెప్పులు విప్పేశాను.

"మేడమ్! అది చూపించడానికి పెట్టింది! దిగండి!"

రెండో మెట్టు దాకా బాగానే ఉంది. మూడోదాని మీద బరువు వేసి ఊగాను. పాదం కింద మెట్టు గిరుక్కున తిరిగింది. కెవ్వున అరిచాను. మా అమ్మాయి నడుం పట్టుకోకపోతే ఏమయ్యేదో!

"చెయ్యి పెట్టి చూడు నాయనా, తిరుగుతోంది!"

"ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదమ్మా," అన్నాడు కుర్రాడు, చెయ్యి మాత్రం పెట్టలేదు.

మేనేజరు వచ్చాడు. "అది మా అమ్మ చేతిరాత," అని మా అమ్మాయి అంటే ఆయన చల్లగా, "అది మా కంపెనీ పేరు మీద రిజిస్టరైన గుర్తు. ఇకమీదట మీరు రాస్తే మీదే నకిలీ అవుతుంది," అన్నాడు.

నా రాతకు నేను నకిలీనా! దారి పొడుగునా ఆ మాటే. మా అమ్మాయి బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "కేసు వేస్తానమ్మా," అంది ఒకసారి. మళ్లీ తనే, "అది తేలేదాకా కొట్టుండాలిగా," అంది. ఉద్యోగం వెతుక్కుంటానని అనబోతోందనుకున్నాను. అనలేదు.

ఇంటికి రాగానే పొడుగాయనకు ఫోను చేశాను. "ఆ పెద్ద షాపులో జాగర్త అని కనిపిస్తే నమ్మకు నాయనా. అది నేను ఎక్కింది కాదు. మీవాళ్లందరికీ చెప్పు."

మర్నాడు ఆయన తన జట్టును వెంటేసుకొచ్చాడు. బట్టలనిండా సున్నం, రంగుల మరకలు. "అక్కడున్నది మీది కాదన్నారు. ఇక్కడేమో మీ రాత లేదు. మరి ఏది చూసి ఎక్కాలమ్మా మేము?" అన్నాడు.

మా అమ్మాయి నిచ్చెన ఒకటి తీసుకెళ్లి వీధిలో, వాళ్ల మధ్యలో విప్పి నిలబెట్టింది.

"అమ్మా, ఎక్కు."

"ఇక్కడా? ఇంతమంది ముందా? నీకేమైనా మతిపోయిందా?"

"లోపల ఎక్కేదే కదా! వాళ్లను చూడనీ. మాటైతే ఎత్తుకుపోతారు, నిన్ను ఎత్తుకుపోలేరుగా."

"దాని బరువుకు ఎవరూ ఎత్తుకుపోరులే," అన్నారు మా ఆయన గుమ్మంలోంచి.

చెప్పులు విప్పాను. లోపలైతే పట్టుకోవడానికి గోడ ఉంటుంది, ఇక్కడ చుట్టూ మనుషుల మొహాలే. మెట్టు మీద మెట్టు ఎక్కాను. ప్రతిదాని మీదా నిలబడి, కళ్లు మూసుకుని ఊగాను. ఒక్క కిర్రు లేదు. పై మెట్టు మీద చెయ్యి ఆనించి కళ్లు తెరిచేసరికి వీధి మొత్తం తిరిగింది. నా పాదం కొద్దిగా జారింది.

"అమ్మా, జాగర్త!"

అరిచింది మా అమ్మాయే. వచ్చి నిచ్చెనను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"తప్పు పలికావే," అన్నారు మా ఆయన. అమ్మాయి వినిపించుకోలేదు.

"చూశానమ్మా, చాలు. దిగండి," అన్నాడు పొడుగాయన. "నేను దీన్ని పనికి తీసుకెళ్లాలి."

నేను దిగలేకపోయాను. ఎక్కడం కంటే దిగడమంటేనే నాకు ఎక్కువ భయం. పైగా జట్టులో వెనక నిలబడ్డవాడొకడు అప్పుడే లోపలికి వెళ్లి, ఇంకో నిచ్చెన మోసుకొచ్చి నా పక్కనే విప్పుతున్నాడు, ఇది దిగితే నేను ఎక్కాల్సింది అదట.