ఒంటిచేతి ముడి

పొద్దున్నే టైర్ల దుకాణం షట్టరు ఎత్తి వెనక్కి తిరిగేసరికి, ఎదురు గోడ మీద పిడుగుకి తన మొహమే కనిపించింది. జిగురింకా ఆరలేదు. గ్లవ్స్ గడ్డం దగ్గర పెట్టుకుని, ఎవరినో నమిలి మింగేసేలా చూస్తున్న పాత ఫొటో. పక్కనే ఎడంచేతి పిల్ల, ఇప్పటి ఛాంపియన్. ఇద్దరి మధ్యా ఎర్రటి అక్షరాలు: "ఓటమి ఎరుగని పిడుగు మళ్ళీ పడుతోంది."

"ఎవర్నడిగి పడుతోందట?" అంది పిడుగు, గోడతోనే.

చంకలో ఉన్న పాప ఫొటో వైపు చెయ్యి చాపి "అమ్మ" అంది.

పిడుగు బాక్సింగ్ మానేసి ఏడాది దాటింది. ఎక్కిన ప్రతి రింగులోనూ గెలిచింది. బెల్టు నడుముకి ఉండగానే దిగిపోయింది. అప్పట్నుంచీ తలొకరూ తలో కారణం వెతికిపెడుతున్నారు. మొగుడు వద్దన్నాడన్నారు. పిల్ల పుట్టాక ఒళ్ళు బరువెక్కిందన్నారు. కన్ను దెబ్బతింది, పైకి చెప్పుకోవడం లేదన్నారు. ఎడంచేతి పిల్ల ఎదిగొస్తోందని పసిగట్టి ముందే తప్పుకుందని ఇంకొందరు. ఎవరడిగినా పిడుగు చెప్పే మాట ఒక్కటే: "చాలనిపించింది." ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు. కడుపు నిండి కంచం ముందునుంచి లేచినవాణ్ణి ఎవరూ కారణం అడగరు కదా, నన్నే ఎందుకు అడుగుతారని ఆమెకి ఒళ్ళు మండేది.

దుకాణం యజమాని టీ గ్లాసుతో వచ్చి పోస్టరు ముందు నిలబడ్డాడు.

"చూశావా అమ్మాయ్, వాళ్ళే పిలుస్తున్నారు. అసలు ఇంకో ఏడాది ఆగి మానాల్సింది. కాసే చెట్టుని ఎవరైనా కొట్టేసుకుంటారా?"

"కొట్టలేదు కదండీ. నా చెట్టు, నీడలో కూర్చున్నా."

"కూర్చుంటే ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

"మీరున్నారుగా, రోజూ గుర్తుచెయ్యడానికి," అని లారీ టైరు ఒకటి దొర్లించుకుంటూ ఆయన కాలి పక్కనుంచే తీసుకెళ్ళింది. ఆయన గ్లాసు ఎత్తిపట్టుకుని పక్కకి గెంతాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి కబురు ఆమెకంటే ముందే చేరింది. అత్తగారు నడుముకి కొంగు దోపుకుని గుమ్మంలోనే ఉంది. కోడలి పోటీ ఒక్కటి కూడా వదలని మనిషి. ముందు వరసలో కూర్చుని ఆవిడ వేసే కేకలకి రిఫరీలు కూడా ఉలిక్కిపడేవాళ్ళు.

"ఎడంచేతిదాన్ని ఎలా కొట్టాలో నేను చెప్తా విను. నీ ఎడమవైపుకే తిరుగుతుండు, దాని పెద్ద దెబ్బ తగలదు. పిల్లని నేను చూసుకుంటా."

"ఒప్పుకోలేదు అత్తయ్యా నేను."

"ఒప్పుకోకపోతే గోడెక్కుతావా?"

బస్సు డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన మొగుడు చెప్పులు విడుస్తూ నవ్వాడు. "బస్సెక్కినవాడల్లా ఒకటే పాట. పులిని ఇంట్లో కట్టేశావట కదా అని. కట్టగలిగే మొనగాడెవడైనా ఉంటే పంపండి బాబూ, కాళ్ళు పట్టుకుని నేర్చుకుంటానన్నా." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "వాళ్ళ మాట వదిలెయ్. నీకు మళ్ళీ ఎక్కాలనుందా?"

పిడుగు గోడకి ఆనించిన పరుపుచుట్ట వైపు చూసింది. పాప నిద్రపోయినప్పుడు దానిమీద నాలుగు దెబ్బలు వేసుకోవడం ఆమెకి అలవాటు. నిన్న వేసినప్పుడు చేతులు పాత చేతుల్లానే వెళ్ళాయి. ఊపిరి ఎక్కడా తడబడలేదు. ఇంకా ఉంది. అంతా ఉంది. ఉండగా మానేసి తప్పుచేశానా అన్న పురుగు మాత్రం నిన్నటినుంచి లోపల తొలుస్తూనే ఉంది. ఊరంతా అన్నా లెక్కచెయ్యని మాట, తనకు తనే అనుకుంటే తట్టుకోలేకపోతోంది.

సాయంత్రం పాపని ఎత్తుకుని ప్రాక్టీసు షెడ్డుకి వెళ్ళింది. రేకుల కప్పు, చెమట వాసన, తాడాట ఆడుతున్న పిల్లల చప్పుడు. చితికిన ముక్కుతో మాస్టారు రింగు తాడుకి ఆనుకుని ఉన్నాడు.

"ఎవర్నడిగి పోస్టరు వేశారు మాస్టారూ?"

"నిన్నడిగే," అని గడ్డంతో గోడ చూపించాడు.

ఆ గోడకి వరసగా మేకులు. మానేసినవాళ్ళు తమ గ్లవ్స్ అక్కడ తగిలించి వెళ్తారు. పూర్తిగా మానేస్తే లేసులకి పీటముడి వేస్తారు. చెయ్యి విరిగో జ్వరమొచ్చో కొన్నాళ్ళు ఆగేవాళ్ళు జారుముడి వేస్తారు, కొస లాగితే ఊడొచ్చేట్టు. ఆ షెడ్డులో నోటితో ఎవరూ ఏమీ చెప్పరు, అడగరు. ముడే మాట. పిడుగు గ్లవ్స్‌కి ఉన్నది జారుముడి.

ఆమెకి ఆ రోజు కళ్ళముందుకొచ్చింది. పళ్ళొచ్చే పాప ఒక చంకలో గుక్కపట్టి ఏడుస్తోంది. రెండో చేత్తో లేసు మెలిపెట్టి, మేకుకి తగిలించి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. తను మర్చిపోయిన ముడిని వీళ్ళు ఏడాదిగా రోజూ చూస్తున్నారు.

"పిల్ల చేతిలో ఉంది మాస్టారూ. ఒంటిచేత్తో పీటముడి పడదు."

"ఆ రోజు ఆ పక్క బెంచీ మీద మీ అత్తగారున్నారు. ఇవ్వాలనుకుంటే ఇచ్చేదానివి."

పిడుగు ఖాళీగా ఉన్న ఆ బెంచీ వైపు చూసింది. నిజమే. ఇవ్వలేదు.

తాడాట ఆగిపోయింది. ఎడంచేతి పిల్ల చేతులకి కట్టు చుట్టుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏడాదిగా ఆ ముడిని చూస్తూనే గుద్దుతున్నా అక్కా. గెలిచి కిందికి దిగితే నన్నేమంటున్నారో తెలుసా? ఖాళీ కుర్చీ రాణి అంటున్నారు. ఒక్కసారి రా. ఓడతానో గెలుస్తానో, ఆ పేరు పోతుంది."

"ముందు ఆ సంచీ కొట్టు," అన్నాడు మాస్టారు పిడుగుతో. "తర్వాత మాట్లాడు."

పిడుగు పాపని చాప మీద దింపింది. ఎడమ, ఎడమ, కుడి. ఇసుక సంచీ గొలుసుతో సహా ఎగిరింది. పై రేకులు గల్లుమన్నాయి. ఎవరో నిట్టూర్చారు.

"చూశావా," అన్నాడు మాస్టారు, కళ్ళు మెరుస్తూ. "తొందరపడ్డావు."

ఆ మాటతోనే పిడుగులో నిన్నటినుంచీ తొలుస్తున్న పురుగు చచ్చింది. సంచీ ఊగుతూనే ఉంది. ఆమెకి నవ్వొచ్చింది.

"ఉండగా దిగితేనే దిగడం మాస్టారూ. అయిపోయాక దిగితే దింపడం అంటారు. మీరు గెలిచిన పోటీలు ఎన్నో వీళ్ళలో ఒక్కరికైనా తెలుసా? మీరు పడిన రోజు మాత్రం పక్క వీధివాళ్ళు కూడా చెప్తారు."

మాస్టారు ముక్కు తడుముకున్నాడు. ఆ మాట ఆయనకి తగిలింది. తగిలిందని తెలిసినా పిడుగు వెనక్కి తీసుకోలేదు.

"భయమా అక్కా?" అంది ఎడంచేతి పిల్ల.

"భయమే. ఓడిపోతే ఒక పూట ఏడ్చి ఊరుకుంటా. గెలిస్తేనే చావు. ఇంకొక్కటి అంటారు. అదీ గెలిస్తే మళ్ళీ ఇంకొక్కటి. ఆ గిన్నెకి అడుగు లేదే. ముడి అలా వేసింది పొరపాటో, లోపల ఆశుందో నాకూ తెలీదు. ఆశే అనుకో. నా ఆశ, నేనే కట్టేస్తా."

"మరి నా సంగతి?"

"కుర్చీ ఖాళీచేసింది నేను. దాన్ని పట్టుకోడానికి ఆరుగురిని పడగొట్టింది నువ్వు. ఖాళీ అన్నవాణ్ణి తీసుకెళ్ళి ఆ ఆరుగురికీ చూపించు. నన్ను కొడితే బిడ్డతల్లిని కొట్టిందంటారు, ఆ పేరు ఇంతకంటే బాగుంటుందా? ఆ ముడి చూడటం మాని నీ కుడిచెయ్యి చూసుకో. అలిసినప్పుడల్లా గడ్డం కిందికి జారుతోంది."

పిల్ల కనుబొమలు ముడిపడ్డాయి. "నా పోటీలు చూశావా?"

"ఒక్కటీ వదల్లేదు."

ఈలోగా పాప చాప మీదనుంచి తప్పటడుగులతో వచ్చి పిడుగు కాళ్ళు చుట్టేసుకుంది. పిడుగు వంగి ఎత్తుకుంది. బెంచీ ఖాళీగానే ఉంది. ఈసారి అటు చూడలేదు, పాపని తీసుకెళ్ళి ఎడంచేతి పిల్ల చేతుల్లో పెట్టింది.

"పట్టుకో. నాకు రెండు చేతులూ కావాలి."

స్టూలు లాక్కుని ఎక్కింది. జారుముడి కొస లాగితే సులువుగా ఊడిపోయింది. ఆ ఊడిన క్షణంలో గ్లవ్స్ బరువు చేతికి తెలిసింది, వేళ్ళు వాటంతట అవే లోపలికి దూరబోయాయి. ఆమె ఆగింది. లేసులు రెండూ కలిపి, మెలేసి, మళ్ళీ మెలేసి, పళ్ళు బిగబట్టి లాగింది. పీటముడి. గోళ్ళతో కాదు కదా, పట్టకారుతో కూడా రాదు.

"పోస్టరు మీద నా సగం చించుకుంటారో, ఉంచుకుంటారో మీ ఇష్టం," అంది స్టూలు మీదనుంచే. "ఎవరితో పెట్టినా ఆ రోజు ముందు వరసలో ఉంటా, మా అత్తయ్యతో. రిఫరీలని చెవుల్లో దూది పెట్టుకోమనండి."

మాస్టారు ఆ ముడిని దగ్గరికొచ్చి చూశాడు. వేలితో ఒకసారి నొక్కి, ఏమీ అనకుండా వెళ్ళి ఊగుతున్న సంచీని ఆపాడు.

"అక్కా," అంది ఎడంచేతి పిల్ల. పాప ఆమె చేతికట్టు కొస పట్టుకుని సర్రున లాగుతోంది. సగం కట్టు అప్పుడే నేల మీద పడింది. "మొత్తం విప్పేస్తోంది."

"విప్పనీ," అంది పిడుగు స్టూలు దిగుతూ. "మళ్ళీ కట్టుకో. నీకింకా పనుంది."