సాయంత్రం డాక్టరు

"గడియారాన్ని మళ్ళీ పది నిమిషాలు ముందుకు తిప్పిందెవరు?" కోడలు నడుం మీద చేతులు పెట్టుకుని గోడవైపు చూస్తూ అడిగింది.

"అదే తిప్పుకుందేమో," అంది అత్తగారు. ఎనభై రెండేళ్ళ ఆవిడకు కుర్చీ ఎక్కే ఓపిక లేదు. చేతికర్ర కొనతో ముల్లును నెట్టే విద్య మాత్రం సాధించింది.

"నిన్న దీన్ని చూసే పరుగెత్తాను అత్తయ్యా. బస్టాపులో ఊరికే నిలబడ్డాను."

"నిలబడితే కాళ్ళు అరిగిపోయాయా? వాడు ఆలస్యంగా పోతాడని పెట్టాను. వాడికోసం."

"ఆయన చేతికున్నది చూసుకుంటారు. ఇది చూసి మోసపోయేది నేనొక్కదాన్నే!"

ఆ 'వాడు' బూట్లు తొడుక్కుంటున్నాడు. యాభై ఎనిమిదేళ్ళు, వంగిన భుజాలు, జేబు దగ్గర చిన్న సిరా మరక. పెళ్ళాం వైపూ చూడలేదు, తల్లి వైపూ చూడలేదు. తల్లి చెప్పులు మాత్రం చూశాడు. పట్టీ నిన్నటికన్నా ఒక రంధ్రం వదులుగా ఉంది. పాదాలు ఇంకాస్త వాచాయి.

మూత్రపిండాల డాక్టరు మూడు వారాల కిందటే చెప్పాడు. నెల లోపల డయాలసిస్ మొదలుపెట్టవచ్చు, లేదా ఈ వయసులో మందులతో ఉన్నన్నాళ్ళు ఉండనివ్వవచ్చు. రెండూ తప్పు కాదు. "మీరూ డాక్టరే కదా, ఆలోచించి చెప్పండి," అన్నాడు. అప్పటినుంచి మొగుడూ పెళ్ళాలు వంటింట్లో గుసగుసలాడుకుంటున్నారు. ఆయన తమ్ముడితో ఫోనులో మాట్లాడాలన్నా డాబా మీదికి పోతున్నారు. చివరికి డాక్టరుగారు అనేది ఒక్కటే: "చూద్దాం."

ఆసుపత్రిలో రెండో అంతస్తు, జనరల్ మెడిసిన్ వార్డు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన అక్కడే. ఆయన తర్వాత చేరినవాళ్ళు విభాగాలకు పెద్దలయ్యారు. ఆయనకు దక్కింది ఒక ముద్దుపేరు, 'సాయంత్రం డాక్టరు'. తొందర లేని ఏ కేసైనా సరే, పొద్దున చూసి, "సాయంత్రం మళ్ళీ చూసి చెప్తాను," అంటాడు. అన్నమాట ప్రకారం వస్తాడు కూడా. మంచం పక్కన కూర్చుని నాలుక చూస్తాడు, పాదం నొక్కుతాడు, కంచంలో ఎంత మిగిలిందో చూస్తాడు. పోయినేడు ఒకామెను మగతగా ఉందని తెచ్చారు. అందరూ తలకు స్కానింగ్ అన్నారు. ఈయన ఆమె మందుల సంచీ తెమ్మన్నాడు. రక్తపోటు మాత్ర ఒకటే, రెండు పేర్లతో రెండు డబ్బాల్లో ఉంది. పాపం, రెండూ మింగుతోంది. ఒకటి ఆపించాడు. మర్నాటి సాయంత్రానికి ఆమె లేచి కూర్చుని మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. 'కోలుకుంది' అని రాశాడు.

పద్నాలుగో మంచం మీద ఒక సైకిల్ మెకానిక్ ఉన్నాడు. ఎనభై దగ్గర పడిన మనిషి. ఊపిరితిత్తులు ఎండిపోయాయి, గుండె అలిసిపోయింది. ఆక్సిజన్ మాస్కు పెట్టినా పక్కటెముకలు లోపలికి పీక్కుపోతున్నాయి. ఈ ఏడాది ఇది మూడోసారి.

"సార్, ఐసీయూలో ఒక్క మంచం ఖాళీ అయింది," అంది జూనియర్ డాక్టరమ్మ. "పన్నెండు దాకా ఆపుతామన్నారు. వెంటిలేటర్ పెట్టేద్దామా? ఇది సాయంత్రం దాకా ఆగే కేసు కాదు సార్."

చురక తగిలినా ఆయన నవ్వాడు. ఎప్పటిలాగే మెకానిక్ కూతుర్ని వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీ ఇంట్లోవాళ్ళే అయితే మీరేం చేస్తారు డాక్టరుగారూ?"

ఇంతలో లోపల చెంచాతో మంచం కమ్మీని టంగుటంగున కొడుతున్న చప్పుడు వినిపించింది. మెకానిక్ మాస్కు కాస్త పక్కకు లాగి, "నా సంగతేగా! నన్నూ పిలవండి," అన్నాడు.

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అక్కడికి పోతే ఇంటికొస్తానా?"

"వచ్చే అవకాశం చాలా తక్కువ."

"గొట్టం వేస్తే మాట్లాడొచ్చా?"

"కుదరదు."

"అయితే వద్దు." ఊపిరి అందుకోవడానికి ఆగాడు. "దీన్ని తిట్టకుండా నాకు పొద్దు పోదు."

"ఇప్పుడూ తిట్లేనా నాన్నా!" అంటూ కూతురు ఏడుస్తూనే నవ్వింది.

ఆయాసం తెలియకుండా ఉండే మందు ఇచ్చి, కూతుర్ని పగలంతా పక్కనే ఉండనివ్వమని కేస్ షీటులో రాశాడు.

"తప్పు చేస్తున్నామేమో సార్?" అంది జూనియర్, వెనకే నడుస్తూ.

"కావచ్చమ్మా. కానీ ఆయన్నడిగి చేస్తున్నాం. మూడు రోజులుగా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, నేను వరండాలోనే తిరుగుతున్నాను."

సాయంత్రం మళ్ళీ వెళ్ళేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. పోయి పది నిమిషాలైందని చెప్పింది నర్సు. అల్లుడికి పంక్చర్ వెయ్యడం కూడా రాదని కూతురితో చెబుతూ చెబుతూ కళ్ళు మూశాడట. డాక్టరు ఆ కూతురి పక్కన కాసేపు కూర్చుని లేచాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక పొద్దున తానన్న వరండా మాటే ఆయనను పట్టుకుంది. ఇంట్లో వరండా లేదు, వంటిల్లుంది. అంతే తేడా. అమ్మ కూడా వద్దనే అంటుందని ఆయనకు గట్టిగా అనిపించింది. అప్పుడు ఏమని ఓదార్చాలో ఇల్లు చేరేదాకా మాటలు కూడబలుక్కున్నాడు.

ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఆయన అన్నం కెలుకుతూ, తల్లికి మొత్తం చెప్పాడు. సూదులు, నాలుగేసి గంటలు, నీరసం, చేయించుకోకపోతే ఏమవుతుందో అదీ. కోడలు గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నీకేం కావాలమ్మా?"

ఆవిడ నోట్లో ముద్ద నమిలి మింగింది.

"చేయించుకుంటాను."

"అమ్మా, ఈ వయసులో..."

"వయసు నాదా, నీదా? మూడు వారాలనుంచి మీ గుసగుసలు వింటూనే ఉన్నాను. చెవులు బాగానే ఉన్నాయి, పాడైంది అవి కాదుగా! నేనొద్దంటానని నీతో ఎవరన్నారు? చేయించుకుంటాను. ఓర్చుకోలేకపోతే మానేస్తాను. అదీ నేనే చెప్తాను, నువ్వు కాదు."

"నేను తోడొస్తాను అత్తయ్యా," అంది కోడలు.

"నువ్వొస్తే అక్కడా పోట్లాటే. సరే, రా. నాలుగు గంటలు ఊరికే ఎలా పోతాయి?"

వారానికి రెండుసార్లు అని విని, గోడనున్న క్యాలెండరు తెమ్మంది. కొడుకు జేబులోంచి పెన్ను తీసుకుని సోమవారాలకు, గురువారాలకు టిక్కులు పెట్టుకుంటూ పోయింది. కొన్ని పక్క గడిలోకి పోయాయి. తర్వాత నిద్రొస్తోందంటూ కర్ర పొడుచుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది.

కోడలు కంచాలు తీసింది. ఇది ఏప్రిల్. బల్ల మీద క్యాలెండరు, ఆవిడ ఆఖరి టిక్కు పెట్టిన డిసెంబరు పేజీ దగ్గర తెరిచి ఉంది.