అత్తయ్య తీర్చిన మొక్కు

నేను మా అత్తయ్య మోకాళ్ళకు నూనె రాస్తుండగా పక్కింటి పెద్దావిడ వచ్చి అత్తయ్య రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత పెద్ద మొక్కు తీర్చావమ్మా! అంత దూరం, కాలినడకన!" అంది. "కన్నతల్లిని కదా, తప్పుతుందా" అంది అత్తయ్య, రెండో కాలు నా వైపు చాపుతూ.

నడిచింది నేను. మా ఆయనకు కడుపులో ఆపరేషన్ జరుగుతున్నప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని, కొడుకు బతికి బయటపడితే గుడికి నడిచి వస్తానని మొక్కుకుంది అత్తయ్య. ఆయన బయటపడ్డాడు. ఆవిడ మోకాళ్ళు మాత్రం గుమ్మం దాటనివ్వలేదు. "కోడలి కాళ్ళు నా కాళ్ళు కావా ఏంటి?" అంది. నా కాళ్ళ సంగతి నన్నెవరూ అడగలేదు. నేను బట్టలు కుట్టే కార్ఖానాలో జీతం లేని సెలవు పెట్టించి, చేతికో సంచీ, ఒక జత బూట్లు ఇచ్చి, యాత్రకు బయల్దేరిన ఆడవాళ్ళ గుంపులో కలిపేశారు.

మొదట్లో అరికాళ్ళు బొబ్బలెక్కి ఏడ్చాను. ఆయన్నీ తిట్టుకున్నాను, దేవుణ్ణీ తిట్టుకున్నాను. తర్వాత ఒక పొద్దున, దారి పక్కన ఎవరో పుణ్యానికి పోస్తున్న టీ తాగి గ్లాసు కింద పెట్టాక, దాన్ని కడగాల్సింది నేను కాదని తట్టింది. అక్కడే నిలబడి పిచ్చిదానిలా నవ్వాను. కార్ఖానాకు పరుగులు పెట్టడం తప్పితే, పెళ్ళయ్యాక నేను నడిచిందంతా వంటింటికీ హాలుకీ మధ్యే. వీధిలోకి వెళ్తే ఆయన వెనకాల. ఆయన ఎవరితోనో మాట్లాడటానికి ఆగితే నేనూ సంచులతో ఆగాలి. ఈ దారిలో నా ఇష్టమొచ్చినట్టు నడిచాను, అలిసిపోతే కూర్చున్నాను, ఆకలేసినప్పుడు వేడివేడిగా తిన్నాను. "ఎక్కడ చచ్చావ్?" అని ఒక్క కేక వినపడలేదు. చివరికి గుడి కనిపించి అందరూ చేతులెత్తి దణ్ణం పెట్టారు. నాకు మాత్రం అప్పుడే అయిపోయిందా అనిపించింది. దేవుడి ముందు నిలబడి ఆయన ఆరోగ్యం అడిగాను. నాకేం కావాలో అడుగుదామనుకునేలోపు వెనకవాళ్ళు తోసేశారు.

పెద్దావిడ లేచి వెళ్తూ నన్నూ పలకరించింది. "నువ్వూ కష్టపడే ఉంటావులే పాపం." "లేదండీ, హాయిగా ఉంది" అన్నాను. అలా నోరు జారాను. అత్తయ్య తన కాలు నా ఒళ్ళోంచి లాగేసుకుంది. "హాయిగానా? మొక్కంటే షికారనుకున్నావా?" సాయంత్రం ఆ మాట ఆయన చెవిన పడింది. ఆయన కేకలెయ్యలేదు. "ఇంట్లో నీకేం తక్కువైంది?" అని అడిగి, తాగేసిన టీ గ్లాసు నా చేతికిచ్చాడు.

గ్లాసు కడిగి బోర్లించాను. నా కాళ్ళు మాత్రం ఆ దారిని మర్చిపోలేదు. కార్ఖానాలో మిషన్ కింద ఊరికే ఆడుతుంటే పక్క సీటామె "నీకేమైనా జబ్బా?" అంది. వీధిలో నాకు తెలియకుండానే ఆయన్ని దాటి ముందుకెళ్ళిపోతున్నాను. "ఎవరైనా తరుముతున్నారా?" అంటాడు. ఆగుతాను. ఆయన నన్ను దాటేదాకా నిలబడి మళ్ళీ వెనకాల నడుస్తాను. అలా ఆగిన ప్రతిసారీ ఏడుపొస్తుంది.

ఇంతలో ఆయనకు మళ్ళీ కడుపునొప్పి వచ్చింది. ముందురోజు స్నేహితుడింట్లో గొంతుదాకా తినొచ్చిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. "ఇది నవ్వుకుంటూ నడిచింది. అలాంటి మొక్కు ఎలా చెల్లుతుంది!" అని అత్తయ్య తల బాదుకుంది. కార్ఖానాలో చొక్కాల మెడలు కుడుతూ నేనూ అదే ఆలోచించాను. నిజంగా నేను సంతోషపడ్డందుకే ఆయనకు నొప్పి వచ్చిందా? నమ్మలేదు, అలాగని తీసిపారెయ్యనూ లేకపోయాను. డాక్టరు మాత్రలిచ్చాడు, నొప్పి తగ్గింది. అత్తయ్య భయం తగ్గలేదు. మళ్ళీ నడవాల్సిందే అంది.

"నేనే వెళ్తాను అత్తయ్యా. ఈసారి బూట్లు లేకుండా నడుస్తాను" అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "వద్దులే. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది ఎందుకెళ్తానంటున్నావో. చిట్టి నడుస్తుంది. అది అన్న కోసం ఏడుస్తూ నడుస్తుంది" అంది. చిట్టి మా ఆడపడుచు. అత్తగారింట్లో ఇద్దరు పిల్లలతో, మంచానపడ్డ మామగారితో గుమ్మం దాటి ఎరగదు. ఆయన్ని అడిగాను. "అమ్మ చెప్పింది కదా" అన్నాడు, పేపరు తిప్పుతూ. నా కళ్ళముందే నా బూట్లు తీసి దుమ్ము దులిపారు. అరుగుదలంతా నా పాదాలదే.

ఈ ఉదయం చిట్టి వంటింట్లో పీట మీద కూర్చుని వాటిలో కాళ్ళు పెట్టింది. లేసులు కట్టుకోకుండా బెదురుగా నా వైపు చూసింది. "నిజం చెప్పు వదినా, చాలా కష్టమా?" అంది. హాల్లో అత్తయ్య మాట ఆగిపోయింది. పేపరు చప్పుడూ ఆగిపోయింది.

"చాలా కష్టం చిట్టీ" అన్నాను, హాల్లోకి వినపడేలా. తర్వాత దాని ముందు కూర్చుని, తలెత్తకుండా లేసులు బిగిస్తూ, దానికి మాత్రమే వినపడేలా అన్నాను. "తిరిగొచ్చేటప్పుడు వీధి మలుపు నుంచే కుంటుతూ రా. బాగుందని మాత్రం ఎవ్వరితోనూ అనకు."